అవ్వ పట్టుకోని కాలు

మా పై అంతస్తులో ఉండే అమ్మాయి పోయిన ఆదివారం పొద్దున ఫోనూ, దాన్ని నిలబెట్టే స్టాండూ, గుండ్రటి లైటూ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. కొంపల్లిలో ఈ అపార్ట్‌మెంటుకు వచ్చి ఇన్నేళ్లయినా ఎవరూ నా జోలికి రారు, నేనూ ఎవరి జోలికీ పోను. ఈ పిల్ల మాత్రం బెల్లు కొడుతూనే లోపల అడుగు పెడుతుంది. నాకు మడమ నొప్పి అని మా అమ్మాయి లిఫ్టులో ఎవరితోనో అంటే విన్నదట. అది చాలు, వీడియో తీయడానికి వచ్చేసింది.

“ఆంటీ, మీ చిన్నప్పుడు కాళ్ల పగుళ్లకీ, ఆనెలకీ, మడమ నొప్పికీ అన్నీ ఇంటి వైద్యాలే కదా. ఇటుక వేడి చేసి, దాని మీద జిల్లేడాకు వేసి తొక్కేవాళ్లట కదా? అవన్నీ చెప్పండి. కొంచెం నవ్వుతూ, ప్రేమగా చెప్పండి. అప్పట్లో ఇంట్లోవాళ్లే ఒకళ్ల కాళ్లు ఒకళ్లు చూసుకునేవాళ్లు. ఎంత బావుండేదో!” అంది.

నాకు ఒళ్లు మండింది. మొహానికి లైటు పెట్టినందుకు కాదు, ఆ చివరి మాటకు.

“ఒకరి కాళ్లు ఒకరు చూసుకునేవాళ్లని నీకెవరు చెప్పిన్రు?” అన్నాను.

“అంటే... పాతకాలం కదా ఆంటీ.”

“పాతకాలమైతే? అప్పటి మనుషులకు కోపాలు లేవా? ముందు ఆ లైటు బంద్ చెయ్యి, కండ్లు పోతున్నయి.”

పిల్ల మొహం ముడుచుకుని సామానంతా సర్దుకుని పోయింది. ఇరుగుపొరుగుతో అట్లాగేనా మాట్లాడేదని సాయంత్రం మా అమ్మాయి నన్ను చివాట్లు పెట్టింది. పెట్టనీ. ఆ పిల్లకు చెప్పనిది ఇక్కడ చెబుతాను. లైటు లేకుండా, నవ్వకుండా చెబుతాను.

వైద్యాలు నిజమే. ఇటుక నిజం, జిల్లేడాకు నిజం. పగిలిన మడమలకు మైనం, ఆముదం కలిపి కాచి పోసేవాళ్లు. నాట్లప్పుడు వేళ్ల సందులు పాసిపోతే గోరింటాకు నూరి పెట్టేవాళ్లు. ఆనెకాయకు నల్లజీడి చుక్క వేసేవాళ్లు. ఇవన్నీ మా ఇంట్లోనే జరిగేవి, అందులోనూ మా అవ్వ చేతుల మీదుగా జరిగేవి. కాగిన ఆముదం వాసన, కాలిన జీడి వాసన, బర్రె మూత్రం వాసన కలిస్తే మా ఇంటి వాసన. అది ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ప్రేమ వాసన మాత్రం నాకు తగిలినట్టు గుర్తు లేదు.

మా ఊరు అలియాబాద్ నుంచి లోపలికి, శామీర్‌పేట చెరువు కింద పొలాలున్న ఊరు. ఇప్పుడక్కడ పొలాలూ లేవు, గట్లూ లేవు. ఎత్తు ప్రహరీలూ, లోపల ఒకే రంగు ఇళ్లూ ఉన్నాయి, గేటు దగ్గర పేరు రాసుకునే వాచ్‌మెన్ ఉన్నాడు. మా మడి ఎక్కడుండేదో చూద్దామని ఒకసారి వెళ్తే, ఎవరింటికి వచ్చారమ్మా అని అడిగాడు. అక్కణ్నుంచే తిరిగి వచ్చేశాను.

మా అవ్వ, అంటే నాయిన తల్లి, ఊరి కాళ్లకు వైద్యురాలు. ఆమెకెవరూ నేర్పలేదు, ఎవరికీ తను నేర్పలేదు. వాకిట్లో అరుగు మీద కూర్చుని, వచ్చినవాడి కాలు లాక్కుని ఒళ్లో పెట్టుకునేది. పెట్టుకున్న క్షణం నుంచి తిట్టడం మొదలుపెట్టేది.

“ఏందిరా గిది? కాలా, గెనుసుగడ్డనా? నాలుగు దినాల కింద ముల్లు గుచ్చితె గిప్పుడొస్తవా? నీకు సిగ్గులేదు సరే, నీ పెండ్లానికన్న ఉండొద్దా?”

వచ్చినవాడు నోరెత్తేవాడు కాదు. కాలు ఆమె చేతిలో ఉంది మరి. జీడిగింజను సూదికి గుచ్చి దీపానికి చూపితే చిటపటమని నూనె కారేది. ఆ నల్లటి చుక్కను సరిగ్గా ఆనె నడుమ వేసేది. అందరికీ అది పడదు. కొందరికి ఒళ్లంతా పొంగి, దద్దుర్లు లేచి వారం రోజులు నిద్ర ఉండేది కాదు. వాళ్లు మళ్లీ ఏడుస్తూ వస్తే, “జీడి మంచిదే. నీ ఒళ్లే పాపిష్టిది” అని ఇంకోసారి తిట్టి, నువ్వులు నూరి పట్టించేది. నేనూ ఒకసారి ఆ జీడితో బొట్టు పెట్టుకున్నాను, పెళ్లికూతురి ఆట ఆడుతూ. తెల్లారేసరికి కన్ను మూసుకుపోయింది. అవ్వ ముందు ఒకటి చరిచింది, తర్వాత నువ్వులు నూరింది. ఆమె వైద్యమంతా ఆ వరుసలోనే ఉండేది.

నాకూ, పక్కింటి పిల్లకూ ఇష్టమైన పని ఇంకొకటి ఉండేది. వైద్యానికి వచ్చినవాళ్లు అరుగు కింద చెప్పులు విడిచేవాళ్లు. లారీ టైరు కోసి చేసిన చెప్పులు, పట్టీ తెగితే పిన్నీసు గుచ్చిన హవాయి చెప్పులు, మేకులు కొట్టి కొట్టి బరువెక్కిన తోలు చెప్పులు. వాటిని ఒకరివి ఒకరికి కలిపి, జతలు మార్చి పెట్టి గడ్డివాము వెనక దాక్కునేవాళ్లం. తిట్లు తిని వచ్చినవాడు ఆ చికాకులో చూసుకోకుండా తొడుక్కుని సగం దూరం పోయి, కుంటుకుంటూ వెనక్కి వచ్చేవాడు. వైద్యం వికటించిందని ఒకాయన అవ్వతో తగువు కూడా పెట్టుకున్నాడు. మేం గడ్డిలో మొహాలు దాచుకుని నవ్వలేక చచ్చాం.

అట్లా ఊరందరి కాళ్లూ ఒళ్లో పెట్టుకున్న అవ్వ, ఒక్క మనిషి కాలు మాత్రం ఎన్నడూ ముట్టలేదు. ఆ మనిషి మా అమ్మ.

అత్త కోడలి కాళ్లు పట్టుకోకూడదని మా దగ్గర ఒక పట్టింపు. పట్టుకుంటే కోడలికి ఆయుష్షు తగ్గుతుందని పైకి అనేవాళ్లు. అసలు సంగతి వేరు. ఒకరి కాళ్లు పట్టుకోవడమంటే వాళ్లకు లొంగిపోవడం, తప్పయిందని ఒప్పుకోవడం. కోడలు పట్టుకోవచ్చు, అత్త పట్టుకోకూడదు. అవ్వ ఆ పట్టింపును గట్టిగా పట్టుకుంది. అమ్మ అంతకన్నా గట్టిగా పట్టుకుంది.

వాళ్లిద్దరికీ మాటల్లేవు. అత్వెల్లి నుంచి కొత్త కోడలై వచ్చిన నాడు, గడప ముందు అమ్మ కాళ్లు కడుగుతుంటే అవ్వ చూసి, “ఓయమ్మ, గియ్యేం కాళ్లు! దున్నపోతు డెక్కలు” అందట. పక్కనున్న ఆడవాళ్లు నవ్వారట. అమ్మ తల వంచుకునే, “కాళ్లు పెద్దగుంటె పొలం పనికొస్తయి. నోరు పెద్దగుంటె ఎందుకొస్తది?” అందట. ఆ రోజు మూసుకున్న నోళ్లు ఒకరి ముందు ఒకరికి మళ్లీ తెరుచుకోలేదు. నాయిన కొన్నాళ్లు బతిమాలి, కొన్నాళ్లు అరిచి, ఆఖరికి కల్లు దుకాణానికి పోవడం మొదలుపెట్టాడు. ఆయన ఏ తగువునైనా అట్లాగే తీర్చేవాడు.

మాటల్లేవంటే మాట్లాడుకోలేదని కాదు. అవ్వ తనకు చెప్పాల్సింది బర్రెకు చెప్పేది. అమ్మ తన జవాబు పొయ్యికి చెప్పేది. పశువుల కొట్టానికీ వంటింటికీ మధ్య కంది కట్టెలతో అల్లి, పేడతో అలికిన తడక ఒకటుండేది. దానికి ఇటువైపు ఒకరు, అటువైపు ఒకరు. వినపడని మాట ఉండేది కాదు. ఉప్పు అయిపోయిందన్నా, చుట్టాలొస్తున్నారన్నా ఆ బర్రెకే ముందు తెలిసేది. అట్లా పని జరగకపోతే నన్ను పిలిచేవాళ్లు. “మీ అవ్వకు జెప్పు” అని ఒకరు, “మీ అమ్మకు జెప్పు” అని ఇంకొకరు. ఇద్దరి మధ్య తిరిగి తిరిగి నాకు ఇద్దరి మీదా కోపం వచ్చేది. పిల్లలకు కోపం రాదనుకుంటారు పెద్దవాళ్లు. వస్తుంది, బాగా వస్తుంది.

ఆ ఏడు వాన ఆలస్యంగా పడింది. పడ్డాక ఆగలేదు. అందరి నార్లూ ఒక్కసారే ముదిరాయి, అందరికీ ఒక్కసారే నాట్లు మీద పడ్డాయి. కూలికి మనుషులు దొరికే రోజులు కావు. బదలు పని నడిచేది. నేను నీ మడిలో నాటేస్తాను, నువ్వు నా మడిలో నాటెయ్యి. అందరి మళ్లకూ వెళ్లినవాళ్ల మడికే అందరూ వస్తారు. ఒక్క పూట ఎగ్గొట్టినా గుంపు పెద్ద ఊరుకోదు. మా గుంపుకు పెద్ద, పొడుగ్గా ఉండే ఒకావిడ. అందరూ ఆమెను పొడుగు చిన్నమ్మ అనేవాళ్లు. మా మడి వంతు చిట్టచివర పడింది. అప్పటిదాకా అమ్మ అందరి బురదలోనూ దిగాలి. దిగకపోతే మా నారు మడిలోనే ముదిరి పశువుల పాలవుతుంది. ఆ పంటే మా ఏడాది తిండి.

నాట్లలో అందరి కాళ్లూ పాసిపోతాయి. సాయంత్రమయ్యేసరికి మా వాకిలి నిండా కాళ్లే. వేళ్ల సందులు తెల్లగా నానిపోయి, చర్మం ఊడిపోయి, నెత్తురు కారుతూ. అవ్వ గోరింటాకు నూరించి ముద్దలు ముద్దలుగా పెట్టేది. తిట్టీ తిట్టీ ఆమె గొంతు రాసుకుపోయేది. వాళ్లలో అమ్మ ఉండేది కాదు. నేను అవ్వ చూడకుండా రోట్లోంచి కాస్త గోరింటాకు తీసుకెళ్లి అమ్మకు ఇచ్చేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే ఆ రోట్లో ఎప్పుడూ కాస్త మిగిలే ఉండేది. అప్పుడు నాకది తట్టలేదు.

ఒకనాడు పొడుగు చిన్నమ్మ మడి నుంచి వస్తూ ఒడ్డు మీద అమ్మ తుమ్మముల్లు తొక్కింది. సగం విరిగి మడమలోనే ఉండిపోయింది. ఇంటికొచ్చి సూదితో తనే కెలుక్కుంది. రాలేదు. పసుపు అద్దుకుని, గుడ్డ కట్టుకుని, మర్నాడు మళ్లీ బురదలో దిగింది. ఇంకో రోజు దిగింది. ఆ తర్వాత ఎన్ని మళ్లలో దిగిందో నేను లెక్కపెట్టలేదు. మడమ ఎర్రబడి, వాచి, పగలబోయే పండులా తయారయింది. అమ్మ కాలి వేళ్ల మీద నడవడం నేర్చుకుంది.

అవ్వ కళ్లకు కాలు దాగదు. ఒక సాయంత్రం బర్రెకు కుడితి పెడుతూ అంది.

“సూస్తున్నవా, నడక? ముల్లు లోపట్నే ఉన్నది. ఉల్లిగడ్డ నిప్పులల్ల కాల్చి, పసుపు, ఆముదం వోసి వేడివేడిగ కడ్తె సీము ఒక్కకాడికొస్తది. గప్పుడు చీల్చి తియ్యాలె. పచ్చి దాన్ని కెలికితె ఇంక లోపటికే వోతది.”

అమ్మ పొయ్యిలో కట్టె తోసింది. “నా కాలు నా ఇష్టం. దున్నపోతు డెక్కలకు ముండ్లు గుచ్చుకుంటయా?” అంది పొయ్యితో.

“ఇన్నవా బర్రె? ఎన్నడో అన్న మాట ఇంక కడుపుల వెట్టుకున్నది.”

“పెట్టినోళ్లు మర్చిపోతరు. తిన్నోళ్లు మర్చిపోరు.”

ఇద్దరూ ఆగరు. జొన్న గటుకలో చల్ల పోసుకుని తింటున్న నేను గిన్నె పక్కకు నెట్టేశాను. అమ్మ కాలు కంపు కొడుతోంది. ఆ సంగతి నాకూ తెలుసు, వాళ్లిద్దరికీ తెలుసు.

రెండు రోజుల్లో జ్వరం వచ్చింది. గజ్జల్లో బిళ్ల కట్టింది. నాయిన ఆ రోజు కల్లుకు పోలేదు, దాన్నిబట్టే నాకు భయం వేసింది. “ఇగ నడువు, మేడ్చల్ల దవాఖానకు పోదాం. బండి కట్టమంట” అన్నాడు.

“ఎల్లుండి మన మడి. పొడుగు చిన్నమ్మ అందర్ని తోల్కొని వస్తది. నేను బురదల లేకపోతె ఒక్కతి దిగదు. నాటేసినంక దవాఖానకు వోదాం. గప్పటిదాంక ఏం గాదు.”

“గప్పటిదాంక నువ్వుంటవా?” అని అరిచాడు నాయిన. అమ్మ వంటింట్లోనే గోడవైపు తిరిగి పడుకుంది. నాయిన బండి కోసమంటూ బయటికి పోయాడు. బండి దొరికినా ఆమె ఎక్కదని ఆయనకు తెలుసు.

అవ్వ కొట్టంలోనే ఉంది. బయట సన్నగా వాన. నేను ఆమె వెనకే తడక పక్కన కూర్చుని ఏడుస్తున్నాను. అవ్వ బర్రె ముందు వేసిన గడ్డినే మళ్లీ మళ్లీ సర్దింది.  తర్వాత ఎప్పటిలాగే, అటువైపుకు వినపడేట్టు గొంతు పెంచింది.

“ఏమే బర్రె, ఇంటున్నవా? తడకకు కింద పొక్క వడ్డది. కోళ్లు జేసినయి. గా పొక్కలకెల్లి ఏదన్న కాలు ఇటు వస్తె, గది ఎవరి కాలని నేనడుగ. నాకు మొకం కనవడది. ఎవ్వరి కాళ్లు నేను వట్టుకున్నట్టు గాదు. ఊళ్లె కాళ్లల్ల గదొక కాలు.”

అటువైపు పొయ్యి మీద ఏదో పొంగి నిప్పుల మీద పడి సుయ్యిమంది.

“కాలు అటిస్తె కోస్తరో ఏందో, ఎవలికెర్క” అంది అమ్మ కడకు. 

“కోసుడే ఉన్నది. కోయకపోతె మనిషే ఉండది.”

నేను లేచి వంటింట్లోకి పరిగెత్తి, అమ్మ చెయ్యి పట్టుకుని గుంజాను. “పెట్టవే అమ్మా, కాలు పెట్టు” అని ఏడ్చాను. అమ్మ చెయ్యి కాలిపోతోంది. నావైపు చూసింది, తడకవైపు చూసింది. తర్వాత నేల మీద జరుగుతూ జరుగుతూ వచ్చి, వెల్లకిలా పడుకుని, వాచిన కాలును ఆ పొక్కలోంచి అటు పెట్టింది. కోళ్లు చేసిన పొక్క చాలలేదు. అవ్వ అటునుంచి నాలుగు కంది కట్టెలు పెళ్లున విరిచింది.

ఇక తిట్లు మొదలయ్యాయి. నేను వేడి నీళ్లకూ, నిప్పులకూ, ఉల్లిగడ్డకూ అటూ ఇటూ తిరుగుతూ రెండు వైపులా విన్నాను.

“ఓయమ్మో, గిది కాలా, కొట్టం గుంజనా? గిసుంటి కాలు నా జిందగీల సూడలె. ఏ తల్లి గన్నదో గనీ తిండైతె మస్తు వెట్టింది.”

“తల్లి ఊసెత్తితె కాలు ఎన్కకు గుంజుకుంటదని జెప్పు” అంది అమ్మ పొయ్యితో, పళ్లు బిగబట్టి.

“గుంజుకొమ్మను. సీము గజ్జలకెక్కింది, ఇగ గుండెకెక్కుతది. గప్పుడు గుంజుకుందురు.”

“నోరు మంచిగొస్తాంది. చెయ్యి వస్తదో రాదో సూడాలె.”

కాలిన ఉల్లిగడ్డ మడమకు కట్టినప్పుడు అమ్మ కేక పెట్టలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. రాత్రంతా కట్టు మార్చి మార్చి కట్టింది అవ్వ. మర్నాడు మధ్యాహ్నం, సీము ఒక చోటికి వచ్చాక, కత్తిని నిప్పుల్లో కాల్చింది. ఇటు అమ్మ మొహం, అటు అవ్వ మొహం. తడకకు రెండు వైపులా తిరిగేదాన్ని కాబట్టి ఆ రెండు మొహాలూ చూసినదాన్ని నేనొక్కదాన్నే. అమ్మ కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. అవ్వ కళ్లు మడమ మీదే ఉన్నాయి, కత్తిని దగ్గరికి తెచ్చి మళ్లీ నిప్పుల్లో పెడుతోంది. ఊరందరి కాళ్లూ కోసిన చేతులు అంతకుముందెప్పుడూ అట్లా వెనక్కి పోలేదు. నోరు మాత్రం తిడుతూనే ఉంది. ఇద్దరూ భయపడుతున్నారు. ఒకరి భయం ఒకరికి తెలియకూడదని ఇద్దరూ తిట్టుకుంటున్నారు. నాకు ఆ వయసులోనే అర్థమైంది, వాళ్లకు అంత వయసు వచ్చినా కాలేదు.

కోసింది. సీము బొటబొటా కారింది. పట్టకారు లోపలికి పోనిచ్చి, ముల్లును పట్టి లాగింది. నా చిటికెన వేలంత ముల్లు, నల్లబడిపోయి ఉంది. ఎవరి కాలి నుంచి ఏది తీసినా వాళ్ల మొహం ముందు పెట్టి ఇంకో విడత తిట్టడం ఆమెకు అలవాటు. ఆ రోజు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి, చప్పుడు చేయకుండా నిప్పుల్లో వేసింది.

“నెత్తురు మంచిగనే వస్తాంది” అంది, బర్రెతో కూడా కాదు, ఎవరితోనూ కాదు.

కట్టు కట్టడం అయిపోయింది. కాలు వదిలేయొచ్చు. అవ్వ వదల్లేదు. ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చుంది. అమ్మ కాలు వెనక్కి తీసుకోవచ్చు. ఆమే తీసుకోలేదు. వాన పెద్దదైంది. బర్రె నెమరు వేస్తోంది.  నేను అటూ ఇటూ చూస్తూ, ఎవరో ఒకరు ఒక్క మాట అంటారేమోనని నిలబడ్డాను. కాసేపటికి కాలు ఇటువైపుకు వచ్చేసింది.

“గా కాలు రేపు బురదల దిగొద్దు” అంది అవ్వ, మళ్లీ బర్రెతో.

“దిగకపోతె మడిల ఎవరు నాటేస్తరు? ఈ తడకనా?” అంది అమ్మ పొయ్యితో.

అవ్వ గొణుక్కుంటూ బయటికి పోయింది. సాయంత్రం నాయిన సైకిలు తీయబోతే ముందు చక్రం చప్పబడి ఉంది, లోపల ట్యూబు లేదు. “నా ట్యూబు ఏ లంగగాడు ఎత్కపోయిండు?” అని వాడకట్టంతా వినపడేట్టు అరిచాడు. మంచి ట్యూబట, మొన్ననే వేయించాడట.  తెల్లారి చూస్తే తడక పొక్కలో ఆ ట్యూబు ఉంది. నిలువునా చీల్చి, ముక్కలు పక్కపక్కన పెట్టి దారంతో సంచిలా కుట్టి, కుట్ల మీద మైనం కరిగించి పోసి, కాలికి తొడుక్కుని మోకాలి కింద కట్టుకునేట్టు చేసి ఉంది. పక్కనే అమ్మ టైరు చెప్పు. దాని మడమ దగ్గర, పుండు ఆనకుండా, గుండ్రంగా గుంట తొలిచి ఉంది. అమ్మ రెండింటినీ తిప్పి తిప్పి చూసింది. “కుట్టు వంకర వోయింది” అంది. తొడుక్కుంది.

మా మడిలో నాటు పడింది. పొడుగు చిన్నమ్మ అమ్మను నీళ్లు తక్కువున్న మూలకు పెట్టింది. ఎన్నడూ పొలానికి రాని అవ్వ ఆ రోజు ఒడ్డు మీద గొంగడి కప్పుకుని కూర్చుని, నాటు వంకరపోతోందని అందరినీ తిట్టింది. మధ్యాహ్నం సద్దులు విప్పారు. ఉల్లిగడ్డ కారం, జొన్న రొట్టె. అవ్వ ఒకవైపు, అమ్మ ఒకవైపు కూర్చుని తిన్నారు. అమ్మ బురదలోంచి లేచినప్పుడల్లా అవ్వ తిట్లు ఆగేవి. నల్లటి ట్యూబు లోపల కాలు తడవలేదని చూసుకున్నాక మళ్లీ మొదలయ్యేవి. పుండు మానింది. ఆ ఏడు తిండికి లోటు రాలేదు.

ఇక్కడితో ఆపితే మా పై అంతస్తు పిల్లకు పనికొచ్చే కథ అయ్యేది. మర్నాటి నుంచి ఇద్దరూ మాట్లాడుకున్నారని ఆ పిల్ల అనుకుంటుంది. మాట్లాడుకోలేదు. అమ్మ కంది కట్టెలు తెచ్చి ఆ పొక్కను అల్లేసి, పేడతో అలికింది. అవ్వ వద్దనలేదు. బర్రెకు చెప్పడం, పొయ్యికి చెప్పడం అట్లాగే నడిచింది. ఆ బర్రె చచ్చిపోయింది, ఇంకో బర్రె వచ్చింది, దానికీ చెప్పుకున్నారు. నాకు పెళ్లయింది, పిల్ల పుట్టింది. అవ్వ ఆఖరి రోజుల్లో ఎక్కువగా మంచం మీదే ఉండేది. నడవమంటే “నా ఇష్టం” అనేది. మొండితనం అనుకున్నాం.

ఆమె పోయిన రోజు నేను ఊళ్లోనే ఉన్నాను. స్నానం చేయించడానికి ఆడవాళ్లం చేరాం. కాళ్ల బొటనవేళ్లు కలిపి కట్టేది కోడలే. అమ్మ కింద కూర్చుని, అవ్వ కాళ్లు ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు చూసింది. మేమంతా అప్పుడే చూశాం. రెండు పాదాల కిందా ఆనెకాయలు, ఒక్కొక్కటీ రేగుపండంత. మడమలు లోతుగా పగిలిపోయి, పగుళ్లలో నెత్తురు నల్లగా ఎండిపోయి ఉంది. మంచం కింద ఆమె చెప్పులు ఉన్నాయి. పక్కింటామె తిప్పి చూపించింది. లోపల ఆనెలు ఆనే చోటల్లా గుంటలు తొలిచి ఉన్నాయి. తన కాళ్లు తను చూసుకోలేకపోయింది, ఆ వయసులో నడుం వంగదు. ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. చెప్పులను మాత్రం తొలుచుకుంటూ పోయింది.

అమ్మ ఆ పగుళ్ల మీద వేలు పెట్టి చూసింది. తర్వాత నోరు తెరిచింది. అవ్వ మొహంలోకి చూసి మాట్లాడటం, నేను పుట్టాక అదే మొదటిసారి.

“ఏం ముసల్దానివే నువ్వు? ఊరందరి కాళ్లు ఒళ్లె వెట్టుకుంటివి, నీ కాళ్లు గిట్ల కుళ్లవెట్టుకుంటివి. జెప్పొద్దా? తడకకు గా దిక్కు నేను లేనా? నీ కాలు ఇటు పెడ్తె, గది ఎవరిదని నేనడుగుదునా?”

“తప్పు, సచ్చిన మనిషిని గట్ల తిడ్తరా?” అంది పొడుగు చిన్నమ్మ, ఆమె కూడా ముసలిదైపోయింది.

“బతికున్నప్పుడు తిట్టనిచ్చిందా నన్ను?” అని అమ్మ అరిచింది. “పొయ్యిని తిట్టుకుంట బతికిన గదనే!”

నన్ను వేడి నీళ్లు తెమ్మంది. ఆముదం తెమ్మంది. రాయి తీసుకుని ఆ మడమలు రుద్దడం మొదలుపెట్టింది. బయట పాడె కట్టడం అయిపోయింది, డప్పులవాళ్లు వచ్చారు, పొద్దు పోతోందని మగవాళ్లు అరుస్తున్నారు. నాయిన లోపలికి వచ్చి, చూసి, వెనక్కి పోయాడు. అమ్మ ఎవరి మాటా వినలేదు. తిడుతూనే రుద్దింది, తిడుతూనే కడిగింది, పగులు పగులుకూ ఆముదం నింపింది. రెండో కాలు కూడా అయ్యాకే బొటనవేళ్లు కట్టింది.

అందరూ అమ్మను చూసి ఏడ్చారు. నేను ఏడవలేదు. నాకు ఇద్దరి మీదా కోపమే వచ్చింది, ఇప్పటికీ ఉంది. వాళ్ల మధ్య ఉన్నది ఎండిపోయిన కంది కట్టెల తడక. ఇద్దరిలో ఎవరో ఒకరు ఒక్క తన్ను తన్ని ఉంటే పడిపోయేది. కాళ్ల గురించి అన్నీ తెలిసిన ఆ ఇంట్లో ఆ ఒక్క సంగతి ఎవరికీ తట్టలేదు.